ఏ దేశం ఏ కాగితాన్ని నమ్ముతుంది?

విదేశీ ఉద్యోగానికి సీవీ ఎలా ఉండాలని ఎవరిని అడిగినా జవాబు ఒక జాబితాగానే వస్తుంది. అమెరికాకైతే ఒకటే పేజీ, ఫోటో పెట్టొద్దు. జర్మనీకైతే ఫోటో ఉంటే మంచిది, తేదీల మధ్య ఖాళీలు ఉండొద్దు. గల్ఫ్‌కైతే పాస్‌పోర్టు, వీసా వివరాలు రాయాలి. జపాన్‌కైతే వాళ్ల ఫారమే నింపాలి. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే ఈ జాబితా పట్టుకుని సీవీ దిద్దుకునేవాళ్లు చాలామంది ఫోటో తీసేసి, పేజీలు కుదించి, అక్కడితో ఆగిపోతారు. లోపలి సరుకు మాత్రం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇచ్చినదే ఉంటుంది. సీవీ రూపాన్ని ఆ దేశపు అభిరుచిగా చూడటం వల్ల వచ్చే చిక్కు ఇది. ముక్కూమొహం తెలియని మనిషిని పనిలో పెట్టుకునే ముందు అక్కడి యజమానికి ఏ అనుమానం వస్తుంది, దాన్ని ఏ కాగితం తీరుస్తుంది, ఏ వివరాన్ని అడగడానికి అక్కడి చట్టం జంకిస్తుంది అన్న మూడు విషయాలు కలిసి ఆ రూపాన్ని తయారుచేశాయి. కనుక దేశం మారినప్పుడు మొదట మారాల్సింది రుజువు. పేజీల సంఖ్య, అక్షరాల సైజు దాని వెనకే వస్తాయి.

ముందు మన సీవీ సంగతి చూద్దాం. దాన్ని వెక్కిరించడం ఈమధ్య అలవాటైంది. తండ్రి పేరెందుకు, శాశ్వత చిరునామా ఎందుకు, పెళ్లయిందో లేదో ఎవరిక్కావాలి, చివర్న 'పైన రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ప్రకటిస్తున్నాను' అంటూ స్థలం, తేదీ, సంతకం ఏమిటని నవ్వుతారు. కానీ ఆ కాగితం ఊరికే అలా తయారు కాలేదు. మన బయోడేటాకు మాతృక ప్రభుత్వ దరఖాస్తు ఫారం. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి నుంచి సర్వీస్ కమిషన్ దాకా ఏ ఫారమైనా తండ్రి పేరు, పుట్టిన తేదీ, స్వస్థలం అడిగింది, డిక్లరేషన్ కింద సంతకం పెట్టించుకుంది. తర్వాత క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కాలం వచ్చింది. పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం ఉండాలని, బ్యాక్‌లాగ్స్ ఉండకూడదని కంపెనీలు గీత గీశాయి. ఆ గీత దాటామని చూపడానికి సీవీలోకి మార్కుల పట్టిక వచ్చి కూర్చుంది. ఒకే డిగ్రీతో వేలమంది బారులు తీరే చోట వడపోతకు మార్కులకన్నా చవకైన సాధనం లేదు కాబట్టి, ఇక్కడి యజమాని అనుమానాలకు అది సరైన జవాబే. అవే జవాబులను వేరే అనుమానాలున్న చోటికి మోసుకెళ్లడంతో చిక్కు మొదలవుతుంది. లీడ్స్‌లోనో డాలస్‌లోనో కూర్చున్న మేనేజరుకు మన ఇంటర్ అంటే ఏమిటో తెలియదు, అందులో 94 శాతం గొప్పో కాదో తెలియదు, తండ్రి పేరు తనకెందుకు చెబుతున్నారో అసలే అర్థం కాదు.

అమెరికన్ రెజ్యూమెలో ఫోటో, వయసు, పెళ్లి, మతం కనిపించకపోవడానికి వెనక 1964 నాటి పౌరహక్కుల చట్టం ఉంది. జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం కారణంగా ఉద్యోగం నిరాకరించకూడదని అందులోని ఏడో అధ్యాయం చెప్పింది. నలభై ఏళ్లు, ఆపైబడినవారికి వయసు విషయంలో రక్షణ 1967లో వచ్చింది, వికలాంగులకు 1990లో వచ్చింది. ఫోటో చూడటమే నేరమని ఈ చట్టాలేవీ అనలేదు. చూశాక తిరస్కరిస్తే, ముఖం చూసే కాదన్నారని అభ్యర్థి ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు ఆ తిరస్కారానికి వేరే కారణం ఉందని చూపించుకునే తలనొప్పి కంపెనీది. అందుకే అక్కడి హెచ్‌ఆర్ విభాగాలు అలాంటి సమాచారం అసలు తమ చేతికి రాకుండా ఉంటేనే బాగనుకుంటాయి. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ఇదే పని చేస్తోంది. అక్కడ రెండు పేజీల దాకా చెల్లుతుంది, తక్కిన మర్యాదలన్నీ దాదాపు ఒకటే. మన అభ్యర్థి పద్ధతిగా ఉంటుందని పెట్టిన పాస్‌పోర్టు సైజు ఫోటో అవతలివాళ్లకు చిక్కు తెచ్చిపెట్టే వస్తువన్నమాట. ఇంకో సంగతి: అమెరికాలో కంపెనీలు అడిగేది రెజ్యూమె. సీవీ అని ప్రత్యేకంగా అడిగేది ఎక్కువగా విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు. ఆ సీవీలో ప్రచురణలు, ప్రసంగాలు, చెప్పిన పాఠాలు అన్నీ ఉండాలి, అది పది పేజీలైనా తప్పులేదు. ఒక పేజీ సూత్రాన్ని అక్కడ పాటించిన పీహెచ్‌డీ అభ్యర్థి తన కష్టాన్ని తానే దాచుకున్నట్టు.

వ్యక్తిగత వివరాలు తీసేశాక మిగిలిన చోటును ఆ దేశాల్లో పని ఫలితం నింపుతుంది. మన సీవీల్లో సాధారణంగా 'ఫలానా ప్రాజెక్టులో పాలుపంచుకున్నాను, ఫలానా బాధ్యతలు నిర్వహించాను' అని ఉంటుంది. 'ఇది నేను చేశాను' అనడం మనకు సొంత డబ్బా కొట్టుకోవడంలా తోస్తుంది. ఆ సంకోచం మంచిదే కావచ్చు గానీ, ఆ వాక్యం చదివినవారికి ఆ టీమ్‌లో ఈ మనిషి ఉన్నా లేకపోయినా ఏం తేడా వచ్చిందో తెలియదు. దీనికి విరుగుడుగా శిక్షణ కేంద్రాలు నేర్పుతున్న మందు మరీ వికటిస్తోంది. ప్రతి వాక్యానికీ ఒక శాతం తగిలించడం. 'సామర్థ్యాన్ని 40 శాతం పెంచాను' అని రాస్తే, దేనితో పోల్చి, ఎవరు కొలిచారు అన్న ప్రశ్న ఇంటర్వ్యూలో వస్తుంది. అక్కడ నీళ్లు నమిలితే మిగతా సీవీ మీద కూడా నమ్మకం పోతుంది. నా దృష్టిలో అభివృద్ధి శాతాలకన్నా పరిమాణం చెప్పే అంకెలు నిజాయితీగలవి, గట్టివి కూడా. ఎన్ని పడకల వార్డు, ఒక్కో షిఫ్టులో ఎంతమంది రోగులు, రోజుకు ఎన్ని లావాదేవీలు నడిచే వ్యవస్థ, ఎన్ని మెగావాట్ల ప్లాంటు, ఎంతమంది చేతికింద పనిచేశారు అన్నవాటిని ఎవరైనా సరిచూసుకోగలరు. మన సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీలు ఇచ్చే హోదాలకు ఈ వివరణ మరీ అవసరం. 'అసోసియేట్', 'కన్సల్టెంట్', 'అనలిస్ట్' అనే పేర్లు ఒక్కో కంపెనీలో ఒక్కో మెట్టు. బయటి దేశంలో అవి ఏ మెట్టునూ సూచించవు. హోదాను ఉన్నదున్నట్టు రాసి, పక్కనే అసలు పనేమిటో ఒక్క ముక్కలో చెబితే సరిపోతుంది.

జర్మనీకి వచ్చేసరికి నమ్మకం కాగితం వైపుకు మొగ్గుతుంది. అభ్యర్థి తన గురించి తాను చెప్పుకున్నదానికి అమెరికాలో ఉన్నంత విలువ అక్కడ లేదు. ఎవరో రాసిచ్చి, ముద్రవేసి, తేదీ పెట్టిన పత్రానికి ఎక్కువ విలువ. లేబెన్స్‌లౌఫ్ అనే అక్కడి సీవీ పట్టిక రూపంలో ఉంటుంది, చదువు నుంచి నేటిదాకా నెల, సంవత్సరంతో ఖాళీల్లేకుండా సాగుతుంది. చివర్న తేదీ, సంతకం పెట్టే ఆచారం ఇప్పటికీ పూర్తిగా పోలేదు (మన డిక్లరేషన్‌ను చూసి నవ్వేవాళ్లు ఈ ముక్క గమనించాలి). దానితోపాటు చదువుల సర్టిఫికెట్లు, పాత యజమానులు ఇచ్చిన ఆర్బైట్స్‌సోయ్‌గ్నిస్ అనే పని పత్రాలు జతచేయాలి. ఉద్యోగం వదిలే ప్రతి ఒక్కరికీ అలాంటి పత్రం రాతపూర్వకంగా పొందే హక్కును జర్మన్ చట్టమే ఇచ్చింది. అది మేలుకోరే మాటల్లో ఉండాలని న్యాయస్థానాలు అనడంతో, కాలక్రమంలో యజమానులు ఒక గుప్త భాషను అలవాటు చేసుకున్నారు. 'ఎల్లప్పుడూ మాకు సంపూర్ణ సంతృప్తి కలిగేలా పనిచేశారు' అంటే మొదటి శ్రేణి. 'మాకు సంతృప్తి కలిగేలా' అని ఊరుకుంటే బొటాబొటి. 'ప్రయత్నించారు' అంటే తప్పినట్టే. ఈ భాషకు అలవాటుపడ్డ కన్ను మన రిలీవింగ్ లెటర్‌ను ఎలా చదువుతుందో ఊహించండి. చేరిన తేదీ, వదిలిన తేదీ, హోదా, 'భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం' అనే నాలుగు వరుసలు మన హెచ్‌ఆర్‌కు మామూలు తంతు. పనిగురించి ఒక్క మాటా లేని పత్రం జర్మన్ మేనేజరుకు ఏదో దాచినట్టు తోస్తుంది. కాబట్టి జర్మనీ వెళ్లదలచినవారి సీవీ పని ఉద్యోగానికి రాజీనామా చేయడానికి ముందే మొదలుకావాలి. ఏ పనులు చేశారో, ఎంత బాగా చేశారో వివరంగా రాసిన లేఖను పై అధికారి చేత సంతకం చేయించుకోవాలి. ఆరేళ్ల తర్వాత ఆ అధికారి ఏ కంపెనీలో ఉంటారో ఎవరికి తెలుసు?

మార్కుల విషయంలో జర్మనీ లెక్క మనకు తలకిందులు. అక్కడ 1.0 అన్నింటికన్నా మెరుగు, 4.0 పాస్ గీత. పదికి 8.2 అని రాసి, కొలమానం చెప్పకపోతే ఆ అంకె గాల్లో వేలాడుతుంది. డిగ్రీని కూడా అభ్యర్థి మాటమీద నమ్మరు. అనాబిన్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో విశ్వవిద్యాలయం ఏ స్థాయిలో నమోదైందో చూస్తారు. మన సీవీలో కాలేజీ పేరు పెద్ద అక్షరాల్లో, అది ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమో ఎక్కడో మూల ఉంటుంది. జర్మనీకి రాసేటప్పుడు ఈ వరస తిరగబడాలి. భాష సంగతీ అంతే. 'ఇంగ్లిష్ బాగా వచ్చు, జర్మన్ కొంత వచ్చు' అన్నది ఐరోపాలో సమాచారమే కాదు. ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో ఎక్కడున్నారో పరీక్ష పేరు, తేదీతో చెప్పాలి. నర్సుగా గుర్తింపు కావాలంటే సాధారణంగా బీ2 దాకా వెళ్లాలి. ఆ సర్టిఫికెట్ లేనిదే అనుభవమెంత ఉన్నా ఫైలు కదలదు.

జర్మన్ ఫోటో కథ వేరు. 2006లో వచ్చిన వివక్ష నిరోధక చట్టం తర్వాత చాలా కంపెనీలు ఫోటో అడగడం మానుకున్నాయి, అభ్యర్థులు మాత్రం పెట్టడం మానుకోలేదు. దాని ఫలితమేమిటో డోరిస్ వైక్సెల్‌బౌమర్ అనే ఆర్థికవేత్త 2016లో వెలువరించిన ప్రయోగం చూపింది. ఒకే స్త్రీ ఫోటోతో, సమానమైన అర్హతలతో దరఖాస్తులు పంపారు. జర్మన్ పేరున్నదానికి 18.8 శాతం పిలుపులొచ్చాయి. టర్కిష్ పేరుంటే 13.5 శాతం. అదే టర్కిష్ పేరుతో, తలకు స్కార్ఫ్ కట్టుకున్న ఫోటో ఉంటే 4.2 శాతం. ఆచారం కాబట్టి ఫోటో పెట్టమనే సలహా అందరికీ ఒకేలా పనిచేయదని దీన్నిబట్టి తెలుస్తోంది. చట్టం అడగడం లేదు కనుక పెట్టాలో వద్దో అభ్యర్థి తేల్చుకోవచ్చు. పెట్టకపోయినంత మాత్రాన అది లోపం కాదు.

జపాన్ ఉదాహరణ క్లుప్తంగా చెప్పుకోవాల్సిందే గానీ ముఖ్యమైనది. అక్కడి రిరెకిషో ముందే గళ్లు గీసిన ఫారం. ఫోటో ఉంటుంది, చదువు, ఉద్యోగం పాతది నుంచి కొత్తదానికి వరసగా ఉంటాయి. చేతిరాతతో నింపితే శ్రద్ధకు గుర్తుగా చూసేవారు. పనిలో ఏం సాధించారో చెప్పడానికి షోకుము కెయిరెకిషో అని వేరే పత్రం రాయాలి. చాలాకాలం ఈ ఫారంలో భార్య లేదా భర్త ఉన్నారా, ఎంతమందిని పోషిస్తున్నారు, ఆఫీసుకు రావడానికి ఎంతసేపు పడుతుంది అనే గళ్లుండేవి. విమర్శలు వచ్చాక, 2021లో అక్కడి కార్మిక శాఖ విడుదల చేసిన నమూనాలో అవి పోయాయి. లింగం గడిలో ఏం రాయాలో, అసలు రాయాలో వద్దో అభ్యర్థి ఇష్టానికి వదిలారు. అంత కట్టుదిట్టమైన ఫారం కూడా మారుతుందంటే, పదేళ్ల కిందటి సలహాల పుస్తకం పట్టుకుని సీవీ రాయడం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. ఇక ఐరోపా అంతటికీ ఒకే నమూనా ఉండాలని 2002లో ఒక ఉమ్మడి సీవీని తెచ్చారు, తర్వాత యూరోపాస్ పేరు పొందిన దాన్ని 2020లో కొత్త వెబ్ వేదికగా మార్చారు. దేశాల మధ్య చదువులను, భాషా స్థాయిలను ఒకే కొలతలో చూపడానికి అది పనికొస్తుంది. కానీ అందరి అనుమానాలకూ ఒకే జవాబిచ్చే కాగితం ఏ ఒక్కరి అనుమానాన్నీ పూర్తిగా తీర్చదు. ఫారం నింపినట్టు కనిపించే సీవీని ప్రైవేటు కంపెనీలు ముచ్చటపడి చదవవు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. సీవీని ఎంత దిద్దినా పైన పేరు కనిపిస్తూనే ఉంటుంది కదా, పేరు చూసి పక్కన పడేసేవాళ్లకు ఈ దిద్దుబాట్లన్నీ ఎందుకు? దీన్ని కొట్టిపారేయలేం. బోస్టన్, షికాగో నగరాల్లో మేరియన్ బెర్ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్ దాదాపు 5,000 కల్పిత రెజ్యూమెలు పంపి 2004లో ప్రకటించిన ఫలితం ప్రకారం, శ్వేతజాతి పేర్లకు నల్లజాతి పేర్లకన్నా 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. మనకు ఇంకా దగ్గరిది ఫిలిప్ ఒరియోపౌలస్ టొరంటోలో చేసిన అధ్యయనం. పదమూడు వేల దాకా రెజ్యూమెలతో చేసిన ఆ పని 2011లో అచ్చయింది. భారతీయ, పాకిస్తానీ, చైనీస్ పేర్లున్నవారికి, విదేశీ అనుభవం మాత్రమే ఉన్నవారికి పిలుపులు గణనీయంగా తగ్గాయి. భాష బాగా వచ్చని రాసినా, బహుళజాతి కంపెనీలో పనిచేశామని చూపినా, పేరున్న విద్యాసంస్థలో చదివామని చెప్పినా ఆ వివక్ష తగ్గలేదు. భాష గురించే అనుమానమని చెప్పిన రిక్రూటర్లు, ఆ అనుమానాన్ని తీర్చే వివరం కళ్ల ముందున్నా లెక్కలోకి తీసుకోలేదన్నమాట. సీవీ సరిగ్గా రాస్తే చాలు తలుపులు తెరుచుకుంటాయని చెప్పేవాళ్లు ఈ అధ్యయనం చదవరు, చదివినా చెప్పరు.

అయితే దీన్నుంచి పేరు మార్చుకోవాలనో, పుట్టుపూర్వోత్తరాలు దాచాలనో తీర్పు ఇవ్వడం తొందరపాటు. అలా దాచుకుంటే పిలుపులు పెరుగుతాయన్నది నిజమే. 2016లో సోనియా కాంగ్, ఆమె సహ పరిశోధకులు అమెరికాలో చేసిన ప్రయోగంలో, ఆసియా మూలాల ఆనవాళ్లు చెరిపేసిన రెజ్యూమెలకు 21 శాతం, ఉంచినవాటికి 11.5 శాతం పిలుపులొచ్చాయి. వైవిధ్యానికి స్వాగతమని ప్రకటించుకున్న కంపెనీలూ ఇందులో మెరుగేమీ కాదు. కానీ ఫ్రాన్స్ అనుభవం మరో కోణం చూపుతుంది. పేరు, చిరునామా లేని అనామక సీవీని 2006లో అక్కడ చట్టంలో పెట్టారు గానీ అమలు చేయలేదు. తర్వాత ప్రయోగాత్మకంగా కొన్ని కంపెనీల్లో పరీక్షించారు. అనామక సీవీ వల్ల వలస కుటుంబాలవారికి మేలు జరగకపోగా అవకాశాలు ఇంకా తగ్గాయి. పరిశోధకుల అంచనా ఏమిటంటే, వెనకబడిన పేట నుంచి వచ్చాడని తెలిస్తే మధ్యలో పడ్డ ఖాళీని కొందరు యజమానులు సానుభూతితో చూసేవారు, ఆ నేపథ్యం చెరిగిపోవడంతో ఖాళీ ఒక్కటే మిగిలింది. పైగా ఆ ప్రయోగంలో చేరినవి అప్పటికే మంచి మనసున్న కంపెనీలు కావచ్చు. 2015లో ఆ నిబంధనను తప్పనిసరి జాబితా నుంచి తీసేశారు. చదివేవాళ్ల మనసును సీవీ మార్చలేదు. అయితే తెలియకపోవడం వల్ల కలిగే అనుమానం వేరు, ఇష్టం లేకపోవడం వల్ల పుట్టే తిరస్కారం వేరు. మొదటిదాన్ని సీవీ తీర్చగలదు. రెండోదాన్ని చట్టం పట్టుకోవాలి. ఒంటారియోలో ఆ ప్రయత్నం జరిగింది. 25 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలు బహిరంగ ప్రకటనల్లో కెనడా అనుభవం కావాలని అడగకూడదన్న నిబంధనకు 2026 జనవరి 1ని అమలు తేదీగా పెట్టారు.

పేరు విషయంలో తెలుగువాళ్లకు ఇంకో సొంత బాధ ఉంది, దానికి వివక్షతో సంబంధం లేదు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. పదో తరగతి మెమోలో అది పొడి అక్షరం, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో పూర్తి రూపం. కొందరికి ఆ గడి ఖాళీగానే ఉండిపోయి పేరంతా ఒకే చోట పడుతుంది. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసాలో మొదటి పేరు తెలియదని సూచించే ఎఫ్ఎన్‌యూ అనే మూడక్షరాలు వస్తాయి. పాస్‌పోర్టులో ఒంటిపేరున్న సందర్శకులను అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. సీవీలో ఒక పేరు, డిగ్రీలో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంకో వరస ఉంటే, నేపథ్య తనిఖీ చేసేవాళ్లకు ఒకే మనిషి ముగ్గురిలా కనిపిస్తాడు. పాస్‌పోర్టులో ఉన్న వరసే సీవీకి ప్రమాణం చేసుకుని, సర్టిఫికెట్లలో తేడా ఉంటే ఒక్క వాక్యంలో చెప్పడం మంచిది. పిలవడానికి వీలుగా చిన్న పేరు ఇవ్వడంలో తప్పులేదు.

మరో అభ్యంతరం యంత్రం గురించి. సీవీలను మొదట చదివేది సాఫ్ట్‌వేర్, కాబట్టి దేశాల తేడాలన్నీ పాతమాటలు, ప్రకటనలో ఉన్న పదాలు నింపితే చాలంటారు. నూటికి 75 సీవీలను యంత్రమే తిప్పికొడుతుందనే అంకె ఒకటి ఊరంతా తిరుగుతోంది, దాని వెనక నిలబడే అధ్యయనం లేదు. రిక్రూటరు ఆరు సెకన్లే చూస్తాడనే మాటకు ఆధారం ఒక ఉద్యోగాల వెబ్‌సైటు ముప్పైమంది రిక్రూటర్లతో చేయించిన పరిశీలన. అంతకన్నా గట్టిది 2021లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో చేసిన సర్వే. అర్హులైనవారు కూడా తమ వడపోతలో పోతున్నారని అందులో 88 శాతం యజమానులు ఒప్పుకున్నారు. ఆరు నెలలు మించిన గ్యాప్ ఉంటే పక్కనపెట్టే సంస్థలు దాదాపు సగం ఉన్నాయి. యంత్రం కొత్త అనుమానాలేవీ కనిపెట్టలేదు, యజమాని పాత అనుమానాలనే నిబంధనలుగా రాసుకుంది. గ్యాప్‌ను అనుమానించే దేశంలో ఆ నెలల్లో ఏం చేశారో ఒక వరుసలో చెప్పడం ఇంకా ముఖ్యమైంది. ప్రసవమైనా, తల్లిదండ్రుల అనారోగ్యమైనా, పోటీ పరీక్షల తయారీ అయినా చెప్పవచ్చు. కృత్రిమ మేధతో రాయించుకునే సీవీలకు కూడా ఇదే పరిమితి. వాక్యాలు నున్నగా వస్తాయి, కానీ వార్డులో ఎన్ని పడకలున్నాయో అభ్యర్థి చెబితే తప్ప దానికి తెలియదు.

మార్చడం ఎక్కడ ఆగాలి? ఈ ప్రశ్నను తెలుగువాళ్లు తప్పించుకోలేరు. రెండేళ్ల అనుభవాన్ని ఏడేళ్లు చేసి, పనిచేయని కంపెనీల పేర్లు చేర్చి 'ప్రొఫైల్ మార్కెటింగ్' చేసే కన్సల్టెన్సీలు మనవాళ్ల మధ్యే పుట్టాయి, మన పిల్లలనే ఖాతాదారులుగా చేసుకున్నాయి. అందరూ చేస్తున్నదే కదా, చేయకపోతే వెనకబడతాం కదా అన్నది వాళ్ల సమర్థన. ఈ వాదనకు నైతికంగా జవాబు చెప్పనక్కర్లేదు, లెక్కగా చెప్పినా చాలు. అమెరికా వలస చట్టం ప్రకారం వీసా కోసం ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధమాడితే జీవితాంతం ప్రవేశ నిషేధం పడవచ్చు, దానికి కాలపరిమితి లేదు. గల్ఫ్ దేశాల్లో వైద్యులు, నర్సుల సర్టిఫికెట్లను ఇచ్చిన సంస్థనే నేరుగా అడిగి సరిచూస్తారు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2022లో ఇచ్చిన తీర్పు ఇంకా దూరం వెళ్లింది. లేని డిగ్రీలు, లేని అనుభవం చూపి ఒక హాస్పిస్‌కు ముఖ్య కార్యనిర్వహణాధికారి అయిన వ్యక్తి అక్కడ ఏళ్ల తరబడి పనిచేశాడు, పని బాగానే చేశాడని పేరూ ఉంది. అయినా అబద్ధంతో వచ్చిన ఆదాయం కింద 96,737 పౌండ్లు జప్తు చేయడాన్ని కోర్టు సమర్థించింది. మామూలు దిద్దుబాటుకూ దీనికీ మధ్య గీత సన్ననిదేమీ కాదు. ఉన్న వాస్తవాల్లో ఏవి ముందు చెప్పాలి, ఏవి వదిలేయాలి, ఏ రుజువు జతచేయాలి అని తేల్చుకునేంతవరకు అది దిద్దుబాటే. వాస్తవమే మారితే ఇక దానికి ఆ పేరు చెల్లదు.

ఇంతవరకు చెప్పినదంతా తన సీవీ తానే రాసుకోగలిగినవారి గురించి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి దుబాయ్, మస్కట్ వెళ్లే మేస్త్రీకీ, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే స్త్రీకీ ఈ చర్చ అక్కర్లేదని కొందరంటారు. అక్కడ ట్రేడ్ టెస్టు, పాస్‌పోర్టు, మెడికల్ ఉంటే చాలు, సీవీ ఏజెంటు చూసుకుంటాడు కదా అని. నిజానికి సీవీ అవసరం ఎక్కువగా ఉన్నది అక్కడే, దానిమీద అదుపు తక్కువగా ఉన్నదీ అక్కడే. గల్ఫ్ సీవీలో ఫోటో, మతం, పాస్‌పోర్టు నంబరు, ఎత్తు, బరువు, ఇంతకుముందు గల్ఫ్‌లో చేశారా లేదా అన్నవి ఉంటాయి. 2021లో యూఏఈ తెచ్చిన కార్మిక చట్టం జాతి, మతం, లింగం, జాతీయత ఆధారంగా వివక్ష కూడదన్నా, మార్కెట్ అలవాట్లు అంత వేగంగా మారలేదు. ఉన్నత స్థాయి ఉద్యోగాలకు వీసా ఏ స్థితిలో ఉంది, ఎన్నాళ్లలో చేరగలరు అన్నవి మొదటి వరుసల్లో ఉండటం న్యాయమే, ఎందుకంటే అక్కడి యజమాని మొదటి అనుమానం ఖర్చూ కాలమూ గురించి. కూలి స్థాయిలో మాత్రం ఆ కాగితాన్ని డీటీపీ సెంటర్లోనో ఏజెంటు ఆఫీసులోనో ఎవరో టైపు చేస్తారు. హెల్పరుగా చేసినవాడు అందులో మేస్త్రీ అవుతాడు. ఎవరి పేరున ఆ అనుభవం రాశారో వాళ్లకే తెలియదు. అక్కడ దిగాక పని రాదని తేలితే, జీతం తగ్గించి మరో పనిలో పెట్టడానికి ఆ కాగితమే సాకు.

వీళ్లకూ చూపించుకోదగ్గ రుజువులు లేకపోలేదు. హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ శిక్షణ పత్రం, ఐటీఐ సర్టిఫికెట్, చదువు లేకపోయినా చేతిలో ఉన్న పనిని పరీక్షించి ఇచ్చే ఆర్‌పీఎల్ సర్టిఫికెట్, పాత కఫీల్ (గల్ఫ్ యజమాని) రాసిచ్చిన సర్వీసు లేఖ, గల్ఫ్ డ్రైవింగ్ లైసెన్సు ఉంటే దాని కాపీ, ఇవన్నీ ఏజెంటు అల్లే అనుభవం కన్నా గట్టివి. సౌదీ అరేబియా కొన్ని వృత్తులకు వీసాకు ముందే నైపుణ్య పరీక్ష పెడుతున్నది కాబట్టి ఇకమీద అల్లిన అనుభవం విమానం ఎక్కకముందే బయటపడుతుంది. 1983 వలస చట్టం ఏజెంట్ల రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది, దాని కింద వసూలు చేసే ఫీజుకు 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ అని పరిమితి ఉంది, పదో తరగతి దాటనివారికి 18 దేశాలకు వెళ్లేముందు క్లియరెన్సు అవసరం. జీతం, ఒప్పందం గురించి ఇన్ని నిబంధనలున్నప్పుడు, యజమానికి పంపిన సీవీ నకలు ఒకటి తెలుగులో అభ్యర్థి చేతికివ్వాలని, అందులో ఏముందో చదివి వినిపించి సంతకం తీసుకోవాలని అడగడం పెద్ద కోరికేమీ కాదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ప్రభుత్వ సంస్థలే గనుక, ఎవరి ఉత్తర్వు కోసమూ చూడకుండా తమ ద్వారా వెళ్లేవారితో ఈ పద్ధతి మొదలుపెట్టవచ్చు. ప్రైవేటు ఏజెంట్లకు ఆ నిబంధన పెట్టాల్సింది కేంద్ర విదేశాంగ శాఖ. ఒప్పంద పత్రాలు ఇప్పటికే చేరుతున్న ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఒక్క కాగితానికీ చోటు పెట్టడం కష్టమైన పనేమీ కాదు.